ఇరవై రెండో అంతస్తులో ఖాళీ

నానక్‌రాంగూడలో మంగళవారం మధ్యాహ్నం
ఎవరూ తాకకుండానే ఒక అద్దం పగిలింది.
పిట్ట కొట్టలేదు, గాలి లేదు.
పలుకులు పలుకులుగా, జొన్నలు ఒలికినట్టు
కార్పెట్ మీద.

ఖదీర్ భాయ్ వంగి ఒక పలుకు ఏరి
ఎండకు పట్టి చూశాడు.
"లోపల రాయుండె సార్. కండ్లకు ఆనదు.
కొలిమిలనే దూరి, ఏడేండ్లు
ఊపిరి బిగబట్టి కూసున్నది."

ఇక్కడ మేం పేల్చిన గుండ్లు గుర్తొచ్చాయి నాకు.
పునాదికి ముందు, పదకొండు రోజులు,
సైరన్ మోగించి మరీ.

కొత్త పలక రావడానికి నాలుగు రోజులట.
ఇప్పుడన్నీ రెండు పొరలవి, మధ్య గ్యాసు నింపినవి,
వెండి పూతతో వెలుగును రానిచ్చి వేడిని గుమ్మంలోనే ఆపేవి.
మీట నొక్కితే పాలలా తెల్లబడేవీ వస్తున్నాయని
కంపెనీ కుర్రాడు ఫోన్‌లో చూపించాడు.
బాగున్నాయి.

ఆ నాలుగు రోజులూ
పసుపు రిబ్బను కట్టిన ఆ ఖాళీ దగ్గరికి
ఒక్కొక్కరే టీ కప్పుతో వచ్చారు.
అకౌంట్స్ ఇందుమతి గారైతే చెప్పులు విడిచి నిలబడ్డారు.
గచ్చిబౌలి వైపు వాన పడుతోందని
ఏసీ హాల్లో మొదటిసారి
వాసనతో తెలిసింది.

శనివారం పలక బిగించాం.
సిలికాన్ తడి ఆరకముందే
అరచెయ్యి ఆనించి చూశాను.
చల్లగా ఉంది.
ఏమీ పలకలేదు.