రష్యా రేవు

మా ఊరు రికార్డుల్లో గురివిందలంక.
కొల్లిపర సంతలో ఆ పేరు అడగండి, ఎవరూ చెప్పలేరు.
రష్యా ఎటని అడగండి,
కరకట్ట దిగి, పడవెక్కి, అరటితోటల కేసి అని
నెత్తిమీద గంప దించకుండానే చెబుతారు.

నలభై ఒక్క కుటుంబాలు. ఏక్‌సాలు పట్టా.
ఏటా ఈ భూమి మాది కాదని వేలిముద్ర వేసి
ఏటా మేమే దున్నుకునేవాళ్లం.
సంఘం పెట్టింది సింగయ్య తాత.
అందరి ఎడ్లూ ఒకే కొట్టంలో,
అందరి కొడవళ్లూ ఒకే దూలానికి.
మూడో ఏడు ఎవరి కొడవలి మీద వాళ్లు పేరు చెక్కుకున్నారు.
అది మీటింగు పుస్తకంలో రాయలేదు.

ఆ ఏడే ట్రాక్టరొచ్చింది, నిజంగా రష్యాది.
రెండు పంట్లు కలిపి కట్టి ఏరు దాటించారు.
దీనమ్మ ప్రార్థన చేసింది. నాంచారమ్మ కొబ్బరికాయ కొట్టింది.
సింగయ్య తాత రెంటికీ మొహం తిప్పుకున్నాడు.

పదకొండేళ్లు దున్ని అది చచ్చిపోయింది.
దాని సీటు మీద కూర్చోబెట్టి కోటేసు ఇప్పటికీ గడ్డాలు గీస్తాడు.
అదొచ్చిన చెక్కపెట్టె మాత్రం బతికింది,
సంఘం గదికి తలుపై.

తలుపు మీద నల్లటి అక్షరాలు:
ఒకటి కుర్చీలా, ఒకటి నాగలి మేడిలా.
"దున్నేవాడిదే భూమి" అనుంది అనేవాడు తాత.
కాదు, "పని చెయ్యనోడికి కూడు లేదు" అని మా నాన్న,
పొద్దెక్కినా లేవని మమ్మల్ని దాని ముందు నిలబెట్టి.
పెళ్లిజంటలు అక్కడే ఫొటో దిగేవాళ్లు.

బ్యారేజీ డెబ్బై గేట్లూ ఎత్తిన రాత్రులు
ఆ తలుపే ఊడదీసి
పిల్లల్నీ, విత్తనప్పసుపునీ, ఈనిన మేకనీ ఎక్కించి
మెడలోతు నీళ్లలో తోసుకుంటూ కట్ట చేరేవాళ్లం.
నాకు తెలిసి మూడుసార్లు.
ఏరు తగ్గాక ఒండ్రు కడిగి మళ్లీ బిగించేవాళ్లం.

మొన్న కెజియా వచ్చింది, దీనమ్మ మనవరాలు,
ఆ మంచుదేశంలోనే డాక్టరీ చదివి.
సెల్లు లైటేసి, మెడ బాగా వంచి,
తలుపు తలకిందులుగా బిగించాం మరి,
వేలు పెట్టి కూడబలుక్కుంది.
"ఇటు పైకి" అంది.
ఇంకాసేపటికి,
"తడవనీయరాదు."

ముందు నవ్వింది నాంచారమ్మ, పళ్లు లేని నవ్వు.
"నోరుంటే అప్పుడే చెప్పొద్దంటే!" అని తలుపు మీద ఒకటేసింది.
సింగయ్య తాత కొడుకు నవ్వలేదు.
అడుగు పలక నుంచి పైకి
నీటి గీతలు ఒక్కొక్కటీ తడుముతూ ఉండిపోయాడు.

సరిగ్గా తిప్పి బిగిద్దామంది కెజియా.
వద్దన్నాం. మర సీలలు తుప్పు పట్టాయి.
పైగా ఎగువన వానలంటున్నారు,
ఊడదీయడానికి ఇట్టా ఉంటేనే వీలు.