మచ్చకాయ

మా యూనివర్సిటీ నుంచి మెయిలొచ్చింది.
పూర్వ విద్యార్థులు మీ ఊరి పిల్లల్ని ఓ అరగంట పలకరించి
ఒకటి నుంచి ఐదు దాకా అంకె వెయ్యండి, అని.
నెల్లూరులో ఆ ముద్ర ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబోలు.
రొయ్యల మేత నాణ్యత చూసే ఉద్యోగం నాది.
మనిషి నాణ్యత ఎట్లా చూడాలో
రెండు పేజీల్లో రాసి పంపారు.

ట్రంకు రోడ్డు బేకరీలో, ఫ్యాను కింద బల్ల.
పొదలకూరు బస్సు దిగి, గంట ముందే వచ్చి
ఎదురుగా మందుల షాపు మెట్ల మీద కూర్చుందట.
పి. హారిక.
పి అంటే?
"పెంచల, సార్. కోన సామి పేరు" అని
తప్పు దొరికినట్టు తల వంచింది.

మొదటి పది నిమిషాలూ ఇంగ్లీషు.
నాయకత్వం, సమాజ సేవ, ఐదేళ్ల తర్వాత నేను.
ఎవరో ఇస్త్రీ చేసి ఇచ్చిన వాక్యాలు,
మడత చెదురుతుందేమోనని మెల్లగా పరిచింది.
నా అరగంట గుర్తొచ్చింది నాకు.
మద్రాసు, అడయారు, ఒక పెద్దాయన మేడ,
ఇత్తడి గ్లాసులో కాఫీ.
తాగి మాట్లాడాలో మాట్లాడి తాగాలో తెలీక
చల్లారిపోయింది.
రోజూ పేపరు చదువుతానని అబద్ధం చెప్పాను.
నమ్మాడో, నమ్మినట్టు రాశాడో.

"సెలవుల్లో ఏం చేస్తావమ్మా?" తెలుగులో అడిగాను.
ఇస్త్రీ నలిగింది. పిల్ల బయటికొచ్చింది.
"మా నాయన నిమ్మకాయల మండీలో గుమాస్తా సార్. నేను కాయలు ఏరతా.
చూడక్కర్లా, చేతిలోకి వస్తానే తెలిసిపోద్ది,
ఇది ఢిల్లీ లారీకి, ఇది మద్రాసుకి,
మచ్చకాయ పక్కన.
పై వరసన మంచియి పరిచి మోసం జేస్తారు కొందరు,
నేను బస్తా అడుక్కి చెయ్యి పెట్టి తీస్తా."

అప్పటిదాకా నాకు అందింది పై వరసే.

ఫారంలో చివరి గడి:
అభ్యర్థి మిమ్మల్ని ఏమైనా అడిగిందా?
అడిగింది.
"మచ్చకాయ మేం పారబొయ్యం సార్.
ఊరగాయ కంపెనీవోళ్ళు వచ్చి ఎత్తకపోతారు.
మీరు తీసుకోనోళ్ళు యాడికి పోతారు?"

నా నోట్లో ఎగ్ పఫ్ ఉంది, అందుకే జవాబు ఆలస్యమైంది
అనుకుని ఉంటుంది పాపం.
తన పఫ్ ముట్టలేదు. కాగితంలో చుట్టించుకుంది,
తమ్ముడికట.

రాత్రి ఫారం తెరిచాను.
ఆ మద్రాసాయన నాకెంత వేశాడో
పద్దెనిమిదేళ్ళయినా తెలీదు.
ఐదు నొక్కాను.
కారణం రాయండి, నూరు మాటలు మించకుండా, అంది.
అడుక్కి చెయ్యి పెట్టి తీస్తుంది, అని రాద్దామంటే
ఇంగ్లీషులో అది దొంగతనంలా వినపడింది.
చెరిపాను. మళ్ళీ రాశాను.
నాయకత్వం, అని మొదలుపెట్టి
అదీ చెరిపాను.

ఒంటిగంటప్పుడు చేత్తో మొహం తుడుచుకుంటే
వేళ్ళకి మేత వాసన.
ఎంత సబ్బు పెట్టినా పోదది.