రిమార్కుల గడి

మహోబా దాటాక, పంటకన్నా రాళ్లు ఎక్కువ కాసే నేల.
అక్కడి బ్లాకాఫీసులో పదకొండేళ్లు
చేతిపంపుల ఫిర్యాదు రిజిస్టరు రాశాను నేను.
తేదీ, ఊరు, పంపు నంబరు, లోపం,
చిట్టచివర అగ్గిపెట్టెంత గడి: రిమార్కులు.
అందులో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు రాసిన మాట
"మెకానిక్కు లేడు."

"లేడు" రాసి రాసి అరిగిన పాళీతో
ఒకరోజు "ఉంది" అని రాయాల్సి వచ్చింది.

పేరు బిట్టన్.
జీతం పుస్తకంలో మొదటి నెల వేలిముద్ర.
రెండో నెల పేరే రాసింది,
ట కింద ట వత్తు
వెనక పేజీలో కూడా తడిమితే తగిలేంత నొక్కి.
మోచేతి మీద పుండు, సైకిలు నేర్చుకున్న గుర్తు.
వెనక సీటుకి కట్టిన గోనెసంచిలో
రెంచీలు, గొలుసు, తోలు వాషర్లు,
రెండు జొన్నరొట్టెలు, ఒక పచ్చిమిరపకాయ.

నూరడుగుల లోతునుంచి
ఇనప గొట్టాల్ని ఒక్కొక్కటే పైకి లాగుతుంటే
ఆమెవీ, సుఖియావీ, పదిహేనేళ్ల గుంజావీ
మూడు దవడలూ ఒక్కసారే బిగుసుకునేవి.
నులకమంచాల మీంచి లేచొచ్చి
వేడుక చూసేవాళ్లు మగవాళ్లు.
"జారవిడుస్తారు చూస్తూ ఉండండి" అనేవాడొకడు ప్రతి ఊళ్లోనూ ఉండేవాడు.

నిజం చెప్పాలి, ఒకసారి జారింది.
గొట్టం పాతాళానికి పోయింది, నవ్వులు ఆకాశానికి.
బిట్టన్ ఏమీ అనలేదు.
కమ్మరి దగ్గర ఒక కొక్కెం కొట్టించుకొచ్చి
రాత్రంతా ఆ బోరుబావిలో చేపపట్టినట్టు గాలం వేసింది.
తెల్లారేసరికి నవ్వినవాళ్ల బిందెలు
వరసలో నిలబడి ఉన్నాయి.

ఇక చిరౌలీ సంగతి.
అది మా మేనమామల వీధి. పై వీధి.
వైశాఖంలో పంపు మూలిగి మూలిగి ఆగిపోయింది.
"మనిషిని పంపు" అని కబురు.
ఆ మనిషి అంటే ఏ మనిషో నాకు తెలుసు, ఏ మనిషి కాదో కూడా.
బిట్టన్ నా ఎదురుగానే గట్టు మీద కూర్చుని
వాషర్లకి నూనె పట్టిస్తోంది.
నేను గడిలో రాశాను:
"మెకానిక్కు లేడు."

ఆ వత్తులు వెనక పేజీకి దిగలేదు.

మూడు రోజులు.
నాలుగోనాడు గేదెలు నాలుకలు వేలాడేస్తే
మా మామే వచ్చాడు, నేల చూస్తూ,
"ఆవిణ్ణే రమ్మను" అన్నాడు.

వెళ్లింది. తొందరేం పడలేదు.
ముందు నీడ చూసి సైకిలు ఆనించింది.
విప్పింది, లాగింది, వాసన చూసింది.
"వాషరు అరిగింది, అంతే."
నాలుగు రోజుల దాహం
అరచేతిలో పట్టే తోలుముక్క.

మొదట ఎర్రటి తుప్పునీళ్లు,
తర్వాత బురద, తర్వాత తెల్లటి ధార.
ఒక చెంబు ముందుకొచ్చింది.
"ఆగండి" అంది బిట్టన్.
గుంజా పంపు కొడుతుంటే
ధార కింద దోసిలి పట్టి
మోచేతుల పుండు మీదుగా నీళ్లు కారిపోతుండగా
తాపీగా, గుటక గుటకా లెక్కపెట్టినట్టు, తాగింది.
మూతి తుడుచుకుని అంది:
"మెకానిక్కు తాగి చూడందే
పంపు అప్పగించకూడదు. రూలు."

వీధి వీధంతా నావైపు తిరిగింది.
రూళ్ల పుస్తకం నేను మూడుసార్లు చదివాను.
అందులో అలాంటి రూలు లేదు.

మా మామ కళ్లలోకి చూడకుండా
"అవును, ఉంది" అన్నాను.

గుంజా కూడా వంగి తాగింది.
రూలంటే అందరికీ రూలే కదా.

నేను రిటైరయ్యి ఆరేళ్లు.
మొన్న పింఛను పనిమీద వెళితే
నా కుర్చీలో కొత్త కుర్రాడు,
పాత రిజిస్టరు పక్కన పెట్టుకుని
చూసి రాస్తున్నాడు గడి తర్వాత గడి,
ఎందుకో ఏమిటో అడక్కుండా:
"మెకానిక్కు తాగి చూసింది."
"మెకానిక్కు తాగి చూసింది."