పదిహేడు అంగుళాలు

జడ్చర్ల చౌరస్తాల, ఫ్లైఓవర్ నీడల
నాది సీటు కవర్ల దుకాణం.
ట్రాక్టరు సీట్లు, ఆటో సీట్లు, బుల్లెట్ బండి సీట్లు,
ఒకసారి కల్వకుర్తి డాక్టరు పండ్లు పీకే కుర్చీ గూడ కుట్టిన.
విమానంల పెట్టే సీటు మాత్రం
మొన్ననే మొదటిసారి నా బల్లెక్కింది.

తెచ్చినామె శివలీల. మక్తల్ దిక్కు.
సంకల బిడ్డ ధృతి, పోయిన నెలనే రెండేండ్లు నిండినయి.
"నిండకముందైతే ఒళ్లె కూసోబెట్టుకొని పోయేదాన్ని,
ఇప్పుడు దీనికీ టికెటు, దీనికీ సీటు" అన్నది.
మురిపెమో కష్టమో మాటల దొరకలే.
పెనిమిటి జోధ్‌పూర్ అవతల ఇసుకల
సోలార్ పలకలకు బోల్టులు బిగిస్తడంట.
ఇంజినీరు సారు పిల్లలు ఎదిగిండ్రని
ఈ కుర్చీ ఇచ్చిండంట.
అటక మీద పెడితే భుజం పట్టీని ఎలుక కొరికింది.
"పొద్దుగాల ఆరింటికి విమానం. కుట్టియ్యన్నా."

బోర్లించి చూసిన.
అడుగున ఎర్రక్షరాల కాయితం,
కారు బొమ్మ పక్కన చిటికెనవేలంత విమానం బొమ్మ.
టేపు పెట్టిన.
పదిహేడు అంగుళాలకు ఒక నూలు తక్కువ.
పడుతది.
మెత్త మారుస్త, పాలమరక తీస్త,
పట్టీ మాత్రం కుట్టనన్న.

"నలభై ఏండ్ల సంది సూది పట్టినోనివి గదా!"
గందుకే కుట్ట.
సూది దిగిన ప్రతి తావుల పట్టీ ఇంత చస్తది.
చూస్తే సొగసుగ ఉంటది,
గుంజినప్పుడు తెలుస్తది.

ఆమె కన్ను మూలకు పోయింది.
అక్కడ ఇంకో పిల్లల కుర్చీ, పట్టీ మెరుస్తున్నది.
"దానిది ఇప్పియ్."
అది బాలానగర్ కాడ డివైడర్ గుద్దిన కారుల కుర్చీ.
లోపలి పిల్లగాడు బిస్కెట్ అడుక్కుంట దిగిండంట.
అది పట్టుకోవాల్సిన పట్టు పట్టేసింది, తల్లీ.
ఒకసారి సాగినదాన్ని
మళ్లొకసారి అడగొద్దు.

గప్పుడు కోపానికొచ్చింది.
"ఒళ్లె పట్టుకుంట తియ్!
కన్నతల్లి చేతుల కంటె గట్టిదా నీ పట్టీ?"

నేను మాట్లాడలే.
భివండి పోయే లారీల, రాళ్లు కొట్టే పనికి,
మా అమ్మ నన్ను బాడీ కొక్కేనికి కట్టింది.
ఆ యేడు ఇంట్లకు వచ్చింది ఒకటే కొత్త చీర.
పాతది తను కట్టుకున్నది,
కొత్తది నాకు కట్టింది.
షోలాపూర్ దాటినంక డ్రైవరు బ్రేకు తొక్కితే
ఆమె చేతులు వాటంతటవే ఇడిసినయి.
చీర ఇడువలే.
ఈ ముచ్చట ఆమె సచ్చేదాక ఎవ్వరికీ చెప్పలే,
నాకు తప్ప,
అదీ తప్పు చేసినట్టు.

షాద్‌నగర్ మసూద్‌కు ఫోన్ కొట్టిన.
గదే కంపెనీది, డబ్బా ఇప్పనిది, ఒకటున్నది.
విమానాశ్రయం తొవ్వలనే వాని ఇల్లు.
"రాత్రి రెండింటికి లేస్తవా?"
"లేపితే లేస్త."
సగం పైసలు ఇప్పుడు, సగం ఆమె వాపసు వచ్చినంక.

ఇగ నేర్పుడు.
దుకాణంల పాత ఆర్టీసీ సీటొకటున్నది,
దాని మీదనే ఎలుక కొరికిన కుర్చీ పెట్టిన.
ఎదురుదిక్కు చూడాలె. కిటికీ పక్కకే పెట్టు,
తొవ్వకు అడ్డం వస్తే వాళ్లు ఒప్పుకోరు.
విమానం బెల్టు ఈ వెనుక సందుల నుంచి తీసి
అటు టక్కున ఎయ్యి, మోకాలు పెట్టి ఒత్తి గుంజు.
కదిలించి చూడు. మళ్ల చూడు.
ధృతి కూసున్నది,
రెండు చేతులు చాపి "పోనీ" అన్నది నన్ను చూసి.
ఎటు పోనియ్యాలెనో నాకు తోచలే.

కొరికిన పట్టీని వాళ్లు పోంగనే రెండు తుంటలు చేసిన,
ఎవ్వడూ ఏరుకొని కుట్టించుకోకుంట.
పొద్దుగాల షట్టరు సగం లేపి నిలవడితే
మోత వినవడ్డది, లారీదో విమానందో.

అప్పటి సంది చేతుల టేపు ఆగుతలేదు.
ఆటో డ్రైవరు సీటు పదమూడు. బుల్లెట్ పదకొండు.
లారీ బాడీ ఏడడుగుల పైన,
అందుల నా తావు ఎంతనో
కొలిచినోళ్లు లేరు.