మూత

హీమ్కిలో ఐదో అంతస్తు. లిఫ్టు లేదు.
కపితోలీనా యెగోరొవ్నా వంటింటి కిటికీ సందుల్లో
దూది కుక్కి, పైన కాగితం అంటించి ఉంటుంది.
అద్దె ఇస్తే నోట్లు లెక్కపెట్టదు.
నా బూట్ల వంక చూస్తుంది,
మంచు దులిపి వచ్చానా లేదా అని.

ఆ సాయంత్రం జామ్ సీసా మూత రాలేదు.
తువ్వాలు చుట్టి, పళ్ళు బిగించి తిప్పుతున్నాను.
"ఇటివ్వు" అంది.
చెంచా కాడ అంచు కింద దూర్చి
ఒక్క చిటుకు.
"నా బతుకంతా మూతలతోనే" అంది.

లేత్ మెషిన్ మీద ఇరవై ఆరేళ్ళు.
శుక్రుడి మీద దిగే యంత్రానికి
కెమెరా కళ్ళ మీది మూతలు
చెక్కిన నలుగురిలో ఒకతె.

ఇక్కణ్ణించి చూస్తే వేగుచుక్క,
కడిగిన ముత్యం.
దగ్గరికెళ్తే గంధకామ్లపు మబ్బుల దుప్పటి.
వాన బయల్దేరుతుంది, నేల చేరదు,
దారిలోనే ఆవిరి.
అడుగున సీసం నెయ్యిలా కరిగే వేడి.
గాలి మన గాలికి తొంభై రెట్లు,
సముద్రంలో కిలోమీటరు లోతున నిలబడ్డట్టు.
పడమట పొద్దు పొడిచినప్పుడు చూద్దాంలే అంటాం కదా,
అక్కడ నిజంగానే పొడుస్తుంది.
ఆ మబ్బు కింద నిలబడి చూసేవాడే లేడు.

అందుకని కళ్ళు పంపారు. కళ్ళకి మూతలు.
దిగేదాకా ఊడకూడదు.
దిగాక ఊడి తీరాలి.

డెబ్బై అయిదులో దిగినవి రెండు,
ఒక్కోదానికి ఒక్కో కన్నే తెరుచుకుంది.
డెబ్బై ఎనిమిదిలో అదీ లేదు.
గంటకు పైగా వేడి చెప్పాయి, ఒత్తిడి చెప్పాయి,
బొమ్మ మాత్రం
నలుపు.

"ఎవరూ నన్నొక మాట అనలేదు.
క్యాంటీన్లో నా పక్క కుర్చీ మాత్రం
ఖాళీగా ఉండేది."

కొలిమికి మూత ఉబ్బుతుంది.
అది కూర్చున్న గాడీ ఉబ్బుతుంది.
రెండూ ఒక్కలా ఉబ్బవు.
ఆ తేడా వెంట్రుకలో మూడో వంతు.
"మూడేళ్ళు ఆ మూడో వంతులో కాపురమున్నాను" అంది,
జామ్ నాకుతూ.

ఎనభై రెండు మార్చి. క్రిమియా నుంచి ఫోను.
ఊడాయి.
బొమ్మ గీత తర్వాత గీతగా వచ్చింది, నేత నేసినట్టు.
నారింజ వెలుగు, పెంకుల్లా పరిచిన రాళ్ళు.
అందరూ రాళ్ళు చూస్తున్నారు.
ఆమె రాళ్ళ మీద పడున్న అరచందమామని చూసింది.
అంచున తన ఉలి గీత కనబడుతుందేమోనని
భూతద్దం అడిగిందట.

నాలుగు రోజులకి రెండోది దిగింది.
దానికో చెయ్యి,
నేల ఎంత గట్టిదో పొడిచి చూడ్డానికి.
మూత ఎగిరింది.
ఎగిరి,
అంత గ్రహంలో,
సరిగ్గా ఆ చెయ్యి వాలే జానెడు చోట పడింది.

"కోట్ల కిలోమీటర్లు పోయి
నా మూత గట్టిదనాన్ని కొలిచొచ్చింది!"
ర్యురిక్ ఇల్యిచ్ బల్ల మీద తల వాల్చేశాడట.
వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారట.
అది తనేనట.

నేను మా శుక్రుడి కథ చెప్పాను.
రాజు దానం ఇవ్వబోతుంటే ఆపాలని
పురుగంత చిన్నవాడై కమండలం కొమ్ములో దూరి
నీటికి అడ్డం కూర్చున్నాడు.
దర్భతో పొడిచారు. ఒక కన్ను పోయింది.
అప్పట్నించీ ఆయనకి ఒంటి కన్నే.

చాలాసేపు మాట్లాడలేదు.
కెటిల్ కూత ఆగింది.
"అంటే ఆయనే మూతన్నమాట" అంది.
మళ్ళీ,
"ఆ గడ్డిపోచ ఎంత మందం?"

నాకు తెలీదన్నాను.
తెలియకుండా కథ ఎలా చెబుతారన్నట్టు చూసింది.

బాయిలర్ పొగగొట్టం పక్కన చుక్క వెలుగుతోంది.
ఆమె అటు తిరగలేదు.
నేను సీసా మూత పెట్టి తిప్పుతుంటే
మోచేత్తో పొడిచింది.
"అంత బిగించకు.
రేపు పొద్దున మళ్ళీ తియ్యాలి."