ఏడో నంబరు బండి

ముద్రలో ఏముందో చెప్పమంటే
ఆ ఏప్రిల్ దాకా మా కౌంటీలో ఎవరికీ తెలీదు.
గోధుమ వెన్ను అనేవారు, నాగలి అనేవారు,
గస్ లిండ్‌వాల్ అయితే జింక ఉందని పందెం కాశాడు.
కమిషనర్ ఆయనే.
జింక లేదు. నది ఉంది, మూడు నీలి గీతలు.
నది అవతల గుట్ట మీద
నా చిటికెన వేలి గోరంత తెల్ల శిలువ.

ముప్ఫై ఒక్క చలికాలాలు
మంచు తోసే బండ్ల తలుపుల మీద ఆ ముద్ర వేశాను.
శిలువకి సన్న కుంచె, ఒక నిలువు, ఒక అడ్డం,
రెండిటికీ కలిపి ఒక్క ఊపిరి.

హుల్డా రైమర్ ఉత్తరం రాసింది.
దేవుడు లేడనే మనిషి కాదామె.
మెనొనైట్ల చర్చిలో రెండో వరస,
తెల్ల కుచ్చు టోపీ, ఎనభై రెండేళ్లు.
తమ్ముడి కొట్టం తలుపుకి షెరిఫ్ అంటించిన
జప్తు కాగితం చదవడానికి కళ్లద్దాలు పెట్టుకుంటే
అడుగున, తారీఖు పక్కన, కనిపించిందట.
"నా ప్రభువు మోసినదాన్ని
మీ నోటీసుల మీద మోయించకండి.
తీసెయ్యండి."

అంతే. ఆ రాత్రి నుంచే
అందరూ దాన్ని పుట్టినప్పటి నుంచీ ప్రేమిస్తున్నారు.
గోరంత గీత కొండంత అయింది.
పచ్చిక బయళ్లలో పలకలు లేచాయి,
పెట్రోలు బంకులో కాఫీ కప్పుల మీదికీ ఎక్కింది.
ముసలామెకి పాలు తెచ్చే కుర్రాడు
గేటు దగ్గరే పెట్టి వెళ్లడం మొదలెట్టాడు.

హైస్కూలు జిమ్‌లో సభ.
బాస్కెట్‌బాల్ గీతల మీద మడత కుర్చీలు.
ఉంచాలనేవాళ్లు చేతులెత్తండి అన్నాడు గస్.
నాలుగు వందల పన్నెండు.
వద్దనేవాళ్లు?
తొమ్మిది. అందులో ఒకటి హుల్డాది,
కీళ్లనొప్పుల చెయ్యి, చెవి దాకానే లేచింది,
లెక్కించే అమ్మాయి రెండుసార్లు చూడాల్సి వచ్చింది.

టర్కీ కోళ్ల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసే సోమాలీలు
వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు.
ఎటూ ఎత్తలేదు.
పార్కింగ్‌లో అబ్దివలిని అడిగాను, ఎందుకని.
"ఏ వైపు ఎత్తినా
లెక్కలో కలవదు, కళ్లలో పడుతుంది" అన్నాడు,
కారు అద్దం మీది మంచు గీకుతూ.

నేనా? నేనూ ఎత్తాను.
నాలుగు వందల పన్నెండులో ఒకణ్ణి.
పక్కన మా బావమరిది కూర్చున్నాడు మరి.

ఇప్పుడొక మాట చెప్పాలి, ఎవరికీ చెప్పలేదు.
పదకొండేళ్ల కిందట, మా ఆవిడ ఆసుపత్రిలో ఉన్న వారం,
ఏడో నంబరు బండి తలుపు మీద
శిలువ వేయడం మరిచిపోయాను.
నది వేశాను, గుట్ట వేశాను, వార్నిష్ కొట్టేశాను.
పదకొండు చలికాలాలు అది
చర్చి దారి తోసింది, బడి దారి తోసింది,
పెళ్లిళ్లకీ చావులకీ ముందు నడిచింది.
సభ రోజు ఆ బండికే
"మా శిలువ మాకే" అన్న బ్యానరు కట్టారు,
సరిగ్గా ఆ తలుపు మీదుగా,
తాడు నేనే అందించాను.

నవంబరులో ఉత్తర్వు వచ్చింది:
బండ్లన్నిటి మీదా మళ్లీ వేయాలి,
ఈసారి బొటనవేలంత, దూరానికి ఆనేటట్టు.
ఒకటి నుంచి ఆరు దాకా రెండు రోజుల్లో అయిపోయాయి.
ఏడో దాని ముందు స్టూలేసుకుని
చాలాసేపు తెల్ల రంగు కలిపాను,
కలపాల్సినదానికంటే చాలాసేపు.

నిలువు గీత గీశాను.
అడ్డం కోసం ఊపిరి బిగబడుతుంటే
రేడియోలో కేక: ఉత్తరాన మంచు మొదలైంది,
ఏడోది పంపు, ఇప్పుడే పంపు.
పచ్చి రంగుతోనే వెళ్లిపోయింది.

ఎవరైనా అడిగితే
గుట్ట మీద దీపస్తంభం అందామనుకున్నాను.
మార్చి వచ్చింది. మంచు కరిగి కాలవలు నిండాయి.
ఎవరూ అడగలేదు.