సీసపు బిళ్ళ

భూమి కదిలిన నాలుగో రోజున
సీరాఫ్ రేవులో మొదట లేచి నిలబడింది
మసీదు కాదు, మా చర్చి కాదు,
మజూసీల అగ్నిగుడీ కాదు,
పన్నుల కచేరీ.
నాలుగు తెడ్లు పాతి పైన తెరచాప కట్టి
కింద చాప పరిచారు.

కలం నాది. పేరు సబ్రీషో.
మావాళ్ళ తలపన్ను మావాడి చేతే రాయించడం
ఏలేవాళ్ళకు అలవాటు;
తిట్లు ఇంట్లోనే తిరుగుతాయని.

పక్కన ఖాజీగారి గుమాస్తా హమ్మాద్.
మొన్నటిదాకా ఇద్దరం కలిసే
టేకు దూలాల కిందనుంచి మనుషుల్ని లాగాం.
ఏ దేవుడని ఎవర్నీ అడగలేదు.
ఇప్పుడు అడగాలి.
చచ్చినవాణ్ణి ఏ చిట్టాలోంచి కొట్టెయ్యాలో
తెలియాలి కదా.

మెడలో సీసపు బిళ్ళ ఉంటే నా చిట్టా.
మగవాడై, బిళ్ళ లేకపోతే, హమ్మాద్‌ది.
తాడు తెగి బిళ్ళ పోయినవాళ్ళు మాత్రం
గోనెపట్టా కింద, ఉప్పుగాలిలో,
మా ఇద్దరి మధ్యే పడుకుని ఉన్నారు.

మధ్యాహ్నం మాహ్‌దుఖ్త్ వచ్చింది,
పడవల కుట్లకు తిమింగలం నూనె పూసే
రూజ్‌వెహ్ పెళ్ళాం.
మగడి బిళ్ళ చాప మీద పెట్టింది.
"ఏడాదికని కట్టించుకున్నారు.
ఐదు నెలలే బతికాడు.
తక్కిన ఏడు నెలలదీ తిరిగిచ్చెయ్యండి."

నవ్వబోయి ఆగాను.
హమ్మాద్ కళ్ళు మూసుకుని
కంఠతా వచ్చిన ధర్మశాస్త్రమంతా తిరగేశాడు.
"అడిగినదాంట్లో తప్పేముంది?" అన్నాడు చివరికి,
గొంతు తగ్గించి,
నాతో కాదు, సిరాబుడ్డితో.

షీరాజ్‌కు రాశాం.
ఆమె బిళ్ళ తీసుకుని వెళ్ళిపోయింది.
జవాబు వచ్చేలోగా ఆమిల్ మారాడు,
శుక్రవారం మసీదులో చదివే ప్రభువు పేరు మారింది,
కొత్త పేరుకు దువా చేసినవాళ్ళలో
మా మతగురువు కూడా ఉన్నాడు, వాకిట్లో నిలబడి.
జవాబులో ఒక్కటే ముక్క:
జమకు గడి ఉంది, వాపసుకు లేదు.

చెప్పడానికి నేనే వెళ్ళాను.
తలుపు తట్టే పని లేదు, తలుపే లేదు.
ఆమె వల అతుకుతోంది.
అంచు పొడుగునా చిల్లిరాళ్ళు,
ఒకచోట రాయికి బదులు రూజ్‌వెహ్ బిళ్ళ,
మా కచేరీ ముద్ర అప్పటికే సగం అరిగి.
"బరువు సరిపోయింది" అంది, నన్ను చూడకుండానే.

వస్తుంటే రెండు చేపలిచ్చింది.
ఒకటి హమ్మాద్‌కి.
ఏ పద్దు కిందా రాయలేదు.